ఏసీ 24లోనే ఉంది, మరి కిటికీ పక్కన ఎందుకు మాడిపోతున్నారు?

ప్రశ్న: మాది విజయవాడ బందరు రోడ్డులో నాలుగో అంతస్తులో ఆఫీసు. అద్దె బిల్డింగు. పడమటి వైపు నేల నుంచి సీలింగు దాకా అద్దమే. మొత్తం ఇరవై ఆరు మందిమి, కిటికీ వరసలో ఆరుగురు కూర్చుంటారు. మధ్యాహ్నం రెండున్నర దాటిందంటే ఆ ఆరుగురూ ఉడికిపోతున్నారు. మా సారుకి చెబితే గోడ మీద 24 చూపించి, "అందరికీ ఒకటే ఏసీ కదమ్మా, వాళ్ళకేనా వేడి?" అంటున్నారు. పోనీ అని 18కి తగ్గిస్తే లోపలివాళ్ళు స్వెటర్లు వేసుకుంటున్నారు. రోజూ రిమోట్ దగ్గర గొడవే. కిటికీ వరసలో ఒకమ్మాయికి అయిదో నెల. సారు చివరికి అద్దాన్ని ప్లైవుడ్‌తో మూసేద్దామంటున్నారు. కానీ మావాళ్ళకు ఆ కిటికీ అంటే ఇష్టం, దూరంగా దుర్గమ్మ కొండ కనిపిస్తుంది. ఏం చేయమంటారు?
– ఆఫీసు అడ్మిన్ పనులు చూసే పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ అయిదో నెల అమ్మాయి సంగతి చూడండమ్మా. మిగతావన్నీ వారం పది రోజులు పట్టే పనులు. ఇది మాత్రం రేపు ఆఫీసు తెరవగానే చేయాలి. ఆమెను అడిగి, ఆమెకు నచ్చిన చోటికి సీటు లోపలికి మార్చండి. ఏసీ గాలి నేరుగా తల మీద పడకూడదు, బాత్‌రూము దగ్గరగా ఉండాలి, మంచినీళ్ళు చేతికందాలి. కడుపుతో ఉన్నవాళ్ళకు ఎండ దెబ్బ మనకన్నా త్వరగా తగులుతుంది, ఒంట్లో నీరూ త్వరగా తగ్గుతుంది. కళ్ళు తిరిగినట్టుందని ఆమె ఎప్పుడైనా అంటే దాన్ని తేలిగ్గా తీసుకోకుండా డాక్టరు దగ్గరికి పంపండి. ఈ ఒక్క సీటు మార్పుకు సారు అనుమతి కోసం కూడా ఆగకండి.

ఇక మీ సారు చూపిస్తున్న 24 సంగతి. అది తప్పేమీ కాదు. మీవాళ్ళు మంట అంటున్నదీ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే గొడవ సగం తగ్గుతుంది.

మే నెలలో బందరు రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు ఏం చేస్తాం? పక్కన వేపచెట్టు ఉంటే దాని నీడలోకి వెళ్తాం. నీడలో ప్రాణం లేచొస్తుంది. రెండడుగులు బయటికి వేస్తే నెత్తి మాడిపోతుంది. ఆ రెండడుగుల దూరంలో గాలి వేడి ఏమీ మారలేదు, థర్మామీటరు నీడలోనే ఉంచి చూస్తే దాదాపు ఒకే అంకె. మారిందల్లా ఒంటి మీద పడే ఎండ. గాలితో నిమిత్తం లేకుండా ఎండ నేరుగా మన ఒంటికి వేడి ఇస్తుంది. అట్ల పెనం ముందు నిలబడ్డప్పుడు ముఖానికి సెగ కొట్టి వీపుకి ఏమీ తెలియకపోవడం కూడా ఇదే.

గోడ మీదిదైనా, ఏసీలో ఉండేదైనా, ఆ యంత్రం కొలిచేది తన చుట్టూ ఉన్న గాలిని మాత్రమే. అది ఉండేది లోపలి గోడకు, ఎండ పడని చోట. కిటికీ వరసలో కూర్చున్న మనిషి భుజం మీద పడుతున్న ఎండ సంగతి దానికి తెలిసే దారే లేదు. పి.ఒ. ఫాంగర్ అనే డెన్మార్క్ ప్రొఫెసర్ 1970లోనే దీని మీద పెద్ద పుస్తకం రాశారు. మనిషికి హాయిగా ఉందా లేదా అన్నది ఆరు విషయాల మీద ఆధారపడుతుందని లెక్క కట్టి చూపించారు. గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలూ అద్దాలూ ఇచ్చే సెగ, గాలిలో తేమ, గాలి వేగం, వేసుకున్న బట్టలు, చేసే పని. ఇప్పటికీ ప్రపంచమంతా ఏసీ ఇంజనీర్లు ఆ ఆరింటితోనే లెక్క వేస్తారు. మీ గోడ మీది 24 ఆ ఆరింటిలో ఒక్కటి.

నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి ఒక కారణం ఉంది. గుంటూరులో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు బ్రాడీపేటలో, పడమటి ముఖం. కిటికీ పక్క సీటు మా సీనియర్ ఒకావిడది, మేమంతా అక్కయ్యా అనేవాళ్ళం. కిటికీ ఆవిడకు ఎడమ చేతి వైపు. మూడు దాటాక కొంగు తల మీదుగా లాగి, ఎడమ చెంపకు అడ్డంగా పట్టుకుని, కుడి చేత్తో లెడ్జరు రాసుకునేది. ఒకరోజు చేతులు కడుక్కుంటూ గాజులు పైకి జరిపితే చూశాను. ఎడమ ముంజేయి నల్లబడి, గాజుల కింద మాత్రం అసలు రంగు చారలా మిగిలింది. కుడి చేయి మామూలుగానే ఉంది. మామూలు అద్దం ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో ఒక రకాన్ని ఆపుతుంది గాని, చర్మాన్ని నల్లబరిచి ముడతలు తెప్పించే యూవీ-ఎ కిరణాలను చాలావరకు వదిలేస్తుందని అప్పటికి నాకు తెలియదు. ఆవిడ పాత క్యాలెండరు కాగితాలు సెల్లోటేపుతో అద్దానికి అంటించుకుంది. పైనుంచి ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారని వాటిని పీకించేశారు. టేపు మరకలు మాత్రం నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఉన్నాయి. ఆవిడ బల్లను రెండడుగులు లోపలికి జరిపితే సరిపోయేది. ఆ మాట ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. ఏ గదికి ఎంత ఏసీ కావాలో లెక్కలు వేసే పనిలోకి వచ్చాక, ఏ ఆఫీసుకి వెళ్ళినా నా కన్ను మొదట కిటికీ వరస మీదే పడుతుంది.

ఇప్పుడు మీ అద్దం లెక్క చూద్దాం. కొలతలు మీరు రాయలేదు. పదడుగుల ఎత్తు, ఇరవై అడుగుల వెడల్పు అనుకుందాం. అంటే 200 చదరపు అడుగులు, సుమారు 18.6 చదరపు మీటర్లు. ఏప్రిల్ ఎండలో సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది. మామూలు తెల్ల అద్దం అందులో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. గుణించి చూస్తే దాదాపు 9 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ అంటే మూడున్నర కిలోవాట్ల వేడిని బయటికి తోసేది. కాబట్టి ఆ సమయంలో మీ ఏసీల్లో రెండున్నర టన్నులు ఒక్క ఆ అద్దం తెచ్చే ఎండనే మోస్తున్నాయి. మనుషులకు, కంప్యూటర్లకు, లైట్లకు కావాల్సింది దీనికి అదనం. ఆ రెండున్నర టన్నులకు గంటకు రెండున్నర మూడు యూనిట్ల కరెంటు కాలుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి సారు ముందు పెట్టండి. మనుషుల బాధ పట్టనివాళ్ళకు కూడా బిల్లు అర్థమవుతుంది. మీ సారు అలాంటివారని నేననడం లేదు. ఆయనకు కనిపిస్తున్న అంకె 24 ఒక్కటే, అందుకే అలా అంటున్నారు.

ఆయనకు కనిపించేలా చేయడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. టేబుల్ టెన్నిస్ బంతి ఒకటి తెచ్చి ముదురు బూడిద రంగు వేయండి. మెరిసే రంగు వద్దు. దానికి సన్నని బెజ్జం పెట్టి, వైరు చివర ప్రోబ్ (వేడిని కొలిచే మొన) ఉండే చిన్న డిజిటల్ థర్మామీటరు కొని (అక్వేరియం సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది) ఆ ప్రోబ్ బంతి మధ్యలోకి వచ్చేలా దూర్చి, బెజ్జం టేపుతో మూసేయండి. దాన్ని కిటికీ పక్క కుర్చీలో, మనిషి ఛాతీ ఉండే ఎత్తులో ఎండ తగిలేలా పావుగంట ఉంచండి. తర్వాత లోపలి సీటులో మరో పావుగంట. ఇంజనీర్లు వాడే గ్లోబ్ థర్మామీటరుకి ఇది తమ్ముడు. గాలిని, ఎండ సెగను కలిపి చూపిస్తుంది. రెండు చోట్లా వచ్చిన అంకెలు మధ్యాహ్నం ఒంటిగంటకు, రెండింటికి, మూడింటికి, నాలుగింటికి, అయిదింటికి రాయండి. మూడు రోజులు రాస్తే చాలు. ఒక్క గదిలో రెండు ఊళ్ళు ఉన్నట్టు తేలుతుంది. వీలైతే ఒక సాయంత్రం మూడు నుంచి అయిదు దాకా సారునే ఆ సీటులో కూర్చుని మెయిల్స్ చూసుకోమని అడగండి.

సరే, ఏం చేయాలి? మీ ఉత్తరంలోని గొడవంతా ఏసీ రిమోటు చుట్టూ తిరుగుతోంది. రిమోటుతో తీరే సమస్య కాదు ఇది. లోపలికి వచ్చేసిన ఎండను ఏసీతో తరమడం కన్నా, అద్దం దగ్గరే, వీలైతే అద్దం బయటే దాన్ని ఆపాలి. మనవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. పూర్వం ఇళ్ళకు వసారా ఉండేది, వసారాకి వెదురు తడిక వేలాడేది, ఎండాకాలం వస్తే వాకిట్లో తాటాకు చలువ పందిరి లేచేది. ఎండ గోడను తాకకముందే ఆగిపోయేది. అద్దాల గోడల మోజు చలి దేశాల నుంచి వచ్చింది. అక్కడ కిటికీ పక్క మనిషికి చలి బాధ, అందుకే కిటికీ కిందే హీటరు పెట్టుకుంటారు. ఆ అద్దాన్ని తెచ్చి రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో పడమటి ముఖాన పెట్టాం.

ఖర్చు లేని పనితో మొదలుపెట్టండి. బల్లలు జరపండి. అద్దానికీ మొదటి కుర్చీకీ మధ్య కనీసం మూడు నాలుగు అడుగులు ఖాళీ వదిలి, అదే నడిచే దారి చేయండి. లోపల ఇప్పుడు దారిగా వాడుతున్న జాగాలో బల్లలు పడతాయి. జిరాక్స్ మిషను, ఫైళ్ళ బీరువాలు, నీళ్ళ క్యాను ఎక్కడో నీడలో హాయిగా ఉండి ఉంటాయి. వాటిని కిటికీ వైపు మార్చండి (నీళ్ళ క్యాను మాత్రం వద్దు, ప్లాస్టిక్ క్యానుకి ఎండ తగలకూడదు). బీరువాలు మూడడుగుల ఎత్తువైతే అద్దం కింది భాగం మూసుకుంటుంది. పైన వెలుతురు, కొండ అలాగే ఉంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషికి నేల దగ్గరి అద్దంతో పనే లేదు. అక్కడినుంచి వచ్చేది కాళ్ళ మీద పడే ఎండ మాత్రమే.

బల్ల ఏ వైపు తిప్పాలన్నది కూడా ముఖ్యం. కిటికీ మనిషికి పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్ళలో పడుతుంది, వీపు వెనక ఉంటే కంప్యూటరు తెర మీద పడి అక్షరాలు కనిపించవు. అలా కళ్ళు చికిలించి సాయంత్రం దాకా పని చేస్తే వచ్చే తలనొప్పిని చాలామంది ఏసీ పడక అనుకుంటారు.

ఆ తర్వాత బయటి నీడ. మీది అద్దె బిల్డింగు కాబట్టి ఓనరుతో మాట్లాడాలి. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఓనర్లు "సన్‌షేడ్ వేయిస్తాంలెండి" అని కిటికీ పైన రెండడుగుల స్లాబో రేకో వేయించి చేతులు దులుపుకుంటారు. దక్షిణం వైపు అయితే అది బ్రహ్మాండంగా పని చేస్తుంది. మన ఊళ్ళో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, దక్షిణపు కిటికీకి అప్పుడు ఎండే రాదు. పడమర అలా కాదు. మార్చి, సెప్టెంబరు చివరి వారాల్లో సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో సూర్యుడు సుమారు 30 డిగ్రీల ఎత్తుకి దిగిపోతాడు. అప్పుడు రెండడుగుల సన్‌షేడ్ కింద పడే నీడ అడుగు పైచిలుకు. మీ పదడుగుల అద్దంలో మిగతా తొమ్మిదడుగులకూ ఎండే. అయిదింటికైతే ఆ అడుగు కూడా ఉండదు. పడమటి ఎండ అడ్డంగా వస్తుంది, కాబట్టి నీడ కూడా నిలువునా వేలాడాలి. కిందికి దింపి పైకి ఎత్తగలిగే తెర అయినా, ఏటవాలు రెక్కలున్న అల్యూమినియం లూవర్లయినా సరే.

కింది అంతస్తుల్లో అయితే వెదురు తడికలు, నర్సరీల వాళ్ళు వాడే గ్రీన్ నెట్ చాలు. నాలుగో అంతస్తులో గాలి ఉధృతం వేరు. నెట్ వేస్తే ఇనుప ఫ్రేముకి బిగించి, అద్దానికి జానెడు దూరంలో ఉండేలా వేయించండి. మధ్యలో గాలి ఆడితే వేడి పైకి పోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మనకు తుపానులు తప్పవు. ఫ్రేము నుంచి నెట్ విప్పేలా ఉండాలి, తుపాను హెచ్చరిక రాగానే విప్పే మనిషి ఎవరో ముందే అనుకోవాలి. కింద బందరు రోడ్డు మీద జనం నడుస్తుంటారు. బయట చేయించే ఏ పనైనా ఆ జాగ్రత్త తర్వాతే. వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లితే బాగుంటుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. తెరిచిన కిటికీకి, పొడి వడగాలి వీచేటప్పుడు దాన్ని మించిన చల్లదనం లేదు. మూసిన అద్దానికి బయట కడితే మాత్రం అది ఒక మంచి నీడ తెర, అంతే. వాసన కూడా లోపలికి రాదు.

ఓనరు బయట ఏదీ ఒప్పుకోకపోతే అద్దానికి ఫిల్ము వేయించుకోవాలి. ఇందులో మోసపోయేవాళ్ళు ఎక్కువ. షాపుకి వెళ్తే ఒక పెట్టె చూపిస్తారు. లోపల వేడి బల్బు వెలుగుతుంటుంది, ముందు ఫిల్ము ముక్క. చెయ్యి పెట్టమంటారు, చల్లగా ఉంటుంది, మనం డబ్బు కట్టేస్తాం. ఆ బల్బు ఇచ్చేది ఎక్కువ భాగం కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్. ఎండ అలా ఉండదు. ఎండలోని శక్తిలో సగానికి కాస్త తక్కువ భాగం వెలుతురు రూపంలోనే వస్తుంది. అందుకే "ఇన్‌ఫ్రారెడ్ 90 శాతం ఆపుతుంది, యూవీ 99 శాతం ఆపుతుంది" అన్న మాటలు నిజమే అయినా, మొత్తం వేడిలో ఎంత ఆగుతుందో వాటివల్ల తెలియదు. మీరు అడగాల్సింది "టోటల్ సోలార్ ఎనర్జీ రిజెక్టెడ్" అనే అంకె. టీఎస్ఈఆర్ అంటే షాపువాళ్ళకు తెలుసు. ఏ ఫిల్మూ లేని ఉత్త తెల్ల అద్దమే 18, 20 శాతం ఆపుతుంది. కాబట్టి 35 శాతం ఫిల్ము అంటే మీకు కలిసొచ్చేది కొంచెమే. 55, 60 ఉన్నది చూడండి. దాంతోపాటు వెలుతురు ఎంత లోపలికి వస్తుందో చెప్పే అంకె కూడా అడగండి. అది 30, 40 శాతం ఉంటే పగలు లైట్లు వేసుకునే అవసరం అంతగా ఉండదు.

నల్లటి ఫిల్ము ఎక్కువ చల్లదనం ఇస్తుందన్నది అపోహ. చవక రకం నల్ల ఫిల్ము ఎండను వెనక్కి కొట్టదు, తనే తాగేస్తుంది. దాంతో అద్దం కాలిపోయి, పక్కన కూర్చున్నవాళ్ళ మోచేతికి పెనంలా సెగ కొడుతుంది. గది చీకటిగా ఉంటుంది కాబట్టి చల్లగా ఉందనుకుంటాం. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. మీది రెండు పొరల అద్దమో, మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దమో, ముందే రంగున్న అద్దమో అయితే, వేడి తాగే ఫిల్ము వేసినప్పుడు అద్దంలో ఒకచోట వేడి ఒకచోట చల్లదనం ఏర్పడి పగుళ్ళు వచ్చే అవకాశం ఉంటుంది. మీ అద్దం ఏ రకమో ఓనరు నుంచి కనుక్కోండి. ఆ అద్దానికి ఈ ఫిల్ము సరిపోతుందని, పగిలితే బాధ్యత తమదేనని ఫిల్ము కంపెనీతో రాయించుకోండి. అంతా ఒకేసారి వేయించకండి. ఒక్క పలకకు వేయించి వారం చూడండి. నాలుగింటికి ఒక అరచెయ్యి ఫిల్ము వేసిన పలక ముందు, ఇంకో అరచెయ్యి వేయని పలక ముందు పెట్టండి. ఆ ఆరుగురినీ పెట్టి చూడమనండి. మీ బూడిద రంగు బంతి కూడా ఉండనే ఉంది.

లోపలి కర్టెన్ల గురించి ఎక్కువ చెప్పను. బయటి తెర ఆపినంత ఎండను లోపలి తెర ఆపలేదు. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ కర్టెనుకి తగిలి వేడిగా మారాక, ఆ వేడిని అద్దం మళ్ళీ బయటికి పోనివ్వదు. ఎండలో ఆపిన కారు సంగతే. అయినా ఒంటి మీద నేరుగా ఎండ పడకుండా ఆపుతుంది కాబట్టి తప్పకుండా ఉండాలి. అద్దం వైపు తెల్లగా ఉండే రోలర్ బ్లైండ్లు తీసుకోండి, వచ్చిన ఎండలో కొంత వెలుతురుగానే తిరిగి బయటికి పోతుంది. వాటిని ఒంటిగంటన్నరకే, ఎండ గదిలోకి బాగా రాకముందే దించాలి. మూడింటికి మంట మొదలయ్యాక దించితే అప్పటికే బల్లలు, నేల, కుర్చీలు వేడెక్కి ఉంటాయి. అలాగే ఉదయం రాగానే ఎత్తాలి. చాలా ఆఫీసుల్లో ఏప్రిల్లో దించిన బ్లైండ్లు ఆగస్టు మబ్బుల్లో కూడా అలాగే ఉంటాయి, పట్టపగలు ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. దించే బాధ్యత, ఎత్తే బాధ్యత ఒక మనిషికి అప్పగించండి.

ఇవన్నీ ఎండాకాలం అయిపోతే అక్కర్లేదనుకోకండి. మీ కిటికీలోంచి ఏడాది పొడుగునా చూస్తే తెలుస్తుంది. జూన్‌లో సూర్యుడు నేరు పడమరకు బాగా కుడి పక్కన దిగుతాడు, సంక్రాంతి ముందు బాగా ఎడమకు జరుగుతాడు. డిసెంబరులో మూడింటికే సూర్యుడు 30 డిగ్రీలకు దిగిపోతాడు కాబట్టి ఎండ గదిలోకి ఇంకా లోతుగా వస్తుంది. అప్పుడు రెండో వరస, మూడో వరసవాళ్ళు కళ్ళలో పడుతోందని వస్తారు. బ్లైండ్లు వాళ్ళకూ పనికొస్తాయి.

ఇక రిమోటు. 18 పెట్టడం మానేయండి. 18 పెట్టినా కిటికీ వరస భుజాల మీద పడే ఎండ తగ్గదు, లోపలివాళ్ళ చేతులు మాత్రం కొంకర్లు పోతాయి. 2020 జనవరి నుంచి స్టార్ లేబులున్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది, ఆ అంకె మన వాతావరణానికి సరిపోతుంది. 25, 26 పెట్టి పైన ఫ్యాను సన్నగా తిప్పినా హాయిగా ఉంటుంది. గాలి ఒంటికి తగిలితే మనకు రెండు డిగ్రీలు తక్కువ ఉన్నట్టే అనిపిస్తుంది. కిటికీ వరసకు విడిగా ఒకటి రెండు టేబుల్ ఫ్యాన్లు కొనివ్వండి, స్విచ్చి వాళ్ళ చేతిలోనే ఉండాలి. తన వేడిని తను తగ్గించుకునే వీలుంటే మనిషి చాలావరకు సర్దుకుంటాడు. ఇరవై ఆరు మందికి ఒకే రిమోటు ఉన్నప్పుడే గొడవలు. యూనిఫాం ఉంటే అది పాలిస్టరా కాటనా చూడండి, ఎండాకాలం నాలుగు నెలలూ కాటన్ వేసుకోనివ్వండి.

పనులు పూర్తయ్యే దాకా సీట్లు వంతులవారీగా మార్చుకోమనండి. ఉదయం పూట ఆ కిటికీ పక్కన కూర్చోవడం నిజంగా అదృష్టం, పడమర కాబట్టి ఒంటిగంట దాకా పెద్దగా ఎండ రాదు, వెలుతురు మెత్తగా ఉంటుంది. భోజనాల తర్వాత ల్యాప్‌టాపులు ఉన్నవాళ్ళు లోపలికి రావచ్చు. మీటింగులన్నీ రెండున్నర తర్వాత పెట్టుకుంటే ఆ ఆరుగురిలో కొందరైనా ఆ మంటలోంచి లేచి వెళ్తారు.

చివరగా ప్లైవుడ్. వద్దని నా మాటగా సారుకి చెప్పండి. అద్దం లోపలి వైపు ప్లైవుడ్ కొడితే ఎండ అద్దం దాటి వచ్చి ఆ చెక్కనే కాలుస్తుంది. అద్దానికీ చెక్కకూ మధ్య గాలి ఉడికిపోతుంది, అద్దం పగలవచ్చు కూడా. చెక్క వేడెక్కి సెగ గదిలోకే వస్తుంది. పైగా పగలంతా లైట్ల ఖర్చు. కంప్యూటరు తెరను గంటల తరబడి చూసే కళ్ళు అప్పుడప్పుడూ దూరంగా ఉన్నదాన్ని చూస్తేనే సేద తీరుతాయి. మీవాళ్ళకు ఆ దూరం దుర్గమ్మ కొండ రూపంలో దొరికింది, ఊళ్ళో ఎన్ని ఆఫీసులకు ఆ భాగ్యం ఉంది? కింది మూడడుగులకు బీరువాలు, పైన మంచి ఫిల్ము, మధ్యాహ్నానికి తెల్ల బ్లైండ్లు. ఒంటిగంటన్నర దాకా కొండ కనిపించనివ్వండి. సాయంత్రం ఎండ దిగిపోయాక, ఇళ్ళకు బయలుదేరే ముందు బ్లైండ్లు మళ్ళీ ఎత్తితే గుడి దీపాలు కూడా కనిపిస్తాయి.

బంతితో కొలిచిన అంకెలు వచ్చాక, అద్దం పొడవు వెడల్పులతో పాటు నాకు మళ్ళీ రాయండి. ఫిల్ము ఎంతది సరిపోతుందో లెక్క వేసి చెబుతాను.